కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్ వచ్చింది సరే, నేర్పే క్లాసు ఎప్పుడు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్ల అధ్యక్షులకు, రెండు రాష్ట్రాల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లకు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఈ లేఖలో ఉన్న సంగతులను మా ప్రిన్సిపల్ గారి ద్వారా ఒకసారి, ఆ తర్వాత కొందరు లెక్చరర్ల సంతకాలతో నేరుగా మరోసారి మా విశ్వవిద్యాలయానికి రాసి పంపాం. అందిందన్న మాట కూడా రాలేదు. పరిస్థితి ఒక్క విశ్వవిద్యాలయానిదే అయితే ఇంకోసారి రాసి ఊరుకునేవాణ్ని. పక్క జిల్లాల్లోనూ, పక్క రాష్ట్రంలోనూ నా తోటి లైబ్రేరియన్లు చెప్పేది ఇదే కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మాట సూటిగా చెబుతాను. చదివిన దాన్ని తన మాటల్లో రాయడం, ఎక్కడి నుంచి తీసుకున్నాడో చెప్పడం, ఇంటర్నెట్‌లో కనిపించిన దాన్ని నమ్మొచ్చా లేదా అని తేల్చుకోవడం, కంప్యూటర్ మీద తన పని తాను చేసుకోవడం. డిగ్రీలో చేరిన పిల్లలకు ఈ నాలుగూ మన దగ్గర ఎవరూ నేర్పడం లేదు. నేర్పకుండానే పీజీకి, పీహెచ్‌డీకి వచ్చాక వీటిలోనే పట్టుకుని శిక్షిస్తున్నాం.

నిబంధనలో సగమే అమలవుతోంది

గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 జులైలో నిబంధనలు తెచ్చింది. అందులోని శిక్షల పట్టిక విశ్వవిద్యాలయాల్లో అందరికీ కంఠతా వచ్చు. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ సమర్పించాలి. 40 దాటి 60 దాకా ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీలు లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. 2019లో యూజీసీకి చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 'శోధ్‌శుద్ధి' పేరుతో విశ్వవిద్యాలయాలకు పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చింది. అది బాగానే పని చేస్తోంది.

అవే నిబంధనల్లో అవగాహన, శిక్షణ గురించి ఒక భాగం ఉంది. ప్రతి సెమిస్టర్‌లో అవగాహన కార్యక్రమాలు జరపాలని అందులో ఉంది. డిగ్రీ, పీజీ సిలబస్‌లో విద్యా నిజాయితీ మూల సూత్రాలను తప్పనిసరి మాడ్యూల్‌గా చేర్చాలని ఉంది. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌ను, రిఫరెన్సులను క్రమంలో పెట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను వాడటం విద్యార్థులకు నేర్పాలని ఉంది. ఇది సలహా కాదు, సంస్థ చేయాల్సిన పని. మీ అనుబంధ కాలేజీల్లో ఎన్ని ఈ పని చేస్తున్నాయో ఎవరైనా అడిగారా?

ఇందులో ఇంకో మెలిక ఉంది. శిక్షలు మాస్టర్స్ స్థాయి నుంచి మొదలవుతాయి. ప్రాజెక్టు రిపోర్టులు, అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు ఆ శిక్షల పరిధిలోకి రావు. ఆ నిబంధన రాసినవాళ్లకు తెలివి ఉందనే నేను అనుకుంటాను. డిగ్రీలో నేర్పండి, తప్పులు చేయనివ్వండి, దిద్దండి, ఆ తర్వాతే శిక్ష సంగతి చూడండి అన్నట్టే ఉంది ఆ క్రమం. మనం చేసిందేమిటంటే, శిక్ష లేదు కాబట్టి డిగ్రీలో పట్టించుకోవడమే మానేశాం. పీహెచ్‌డీ స్కాలర్లకు పరిశోధనా నీతి మీద రెండు క్రెడిట్ల కోర్సు, అంటే 30 గంటలు, తప్పనిసరి అయింది. మంచిదే. అయితే పీహెచ్‌డీ దాకా వెళ్లేవాళ్లు ఎందరు, డిగ్రీతో చదువు ఆపేవాళ్లు ఎందరు?

స్పైరల్ బైండింగ్ చదువు

ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ సంగతి తెలియనివాళ్లు కాలేజీల్లో లేరు, కాగితం మీద ఒప్పుకునేవాళ్లూ లేరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. రెండో ఏడాది అయ్యాక ఇంకొకటి. చివరి ఏడాది ఒక సెమిస్టర్ మొత్తం. ఆలోచన గొప్పది. పిల్లలు ఊళ్లోకి వెళ్లి, ఇంటింటికీ తిరిగి, తాగునీరు ఎలా వస్తోంది, బడి మానేసిన పిల్లలెందరు, రైతులకు అప్పు ఎక్కడ పుడుతోంది అని అడిగి, రాసుకుని, లెక్కలు తీసి, రిపోర్టు ఇవ్వాలి. తెలంగాణలో కూడా చివరి ఏడాది ప్రాజెక్టు వర్క్ ఉంది. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి చదువు లేదు.

అయితే సర్వే ప్రశ్నలు ఎలా తయారు చేయాలో, వచ్చిన జవాబులను ఎక్సెల్‌లో ఎలా వేయాలో, పట్టిక కింద ఆధారం ఎలా రాయాలో చెప్పడానికి ఒక్క క్లాసు లేదు. ఒక లెక్చరర్‌కు పదుల సంఖ్యలో విద్యార్థులను అప్పగిస్తారు. ఆయన కూడా చాలాచోట్ల గెస్ట్ ఫ్యాకల్టీనే, జీతం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. గడువు దగ్గర పడేసరికి పిల్లవాడికి ఒక్క దారే మిగులుతుంది. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు. అక్కడ పెన్‌డ్రైవ్‌లో పోయినేడాది రిపోర్టులు ఉంటాయి. పేరు, హాల్ టికెట్ నంబరు, ఊరు మారుస్తారు. సర్టిఫికెట్ పేజీ, కృతజ్ఞతల పేజీ వాళ్లే పెడతారు. స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతారు. ఊరి పేరు ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోయిన రిపోర్టులు మా లైబ్రరీ బీరువాల్లో ఉన్నాయి. కోనసీమ గ్రామం మీద రాసిన రిపోర్టులో వేరుశనగ రైతుల కష్టాలు కనిపిస్తే ఏమనుకోవాలి? వైవాలో కూడా ఎవరూ అడగలేదు.

జిరాక్స్ షాపు వాణ్ని నేను తప్పుపట్టను. మనం ఖాళీగా వదిలేసిన చోట అతను కూర్చున్నాడు. పిల్లవాణ్ని కూడా నిందించలేను. ఇంటర్ దాకా మనం అతనికి నేర్పింది ఒక్కటే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు. పాయింట్ మారితే మార్కు పోతుంది. బిట్ బ్యాంకులో ఉన్న వాక్యమే జవాబు. పన్నెండేళ్లు అలా రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు డిగ్రీకొచ్చాక కూడా అలాగే రాస్తే, దానికి చౌర్యం అని పేరు పెట్టే ముందు తేడా ఏమిటో చెప్పాలి కదా.

భాష సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ ఇంటర్ దాకా తెలుగులో చదివిన అమ్మాయికి సొంతంగా ఒక ఇంగ్లీషు పేరా రాయాలంటే భయం. నెట్‌లో దొరికిన పేరాలో వ్యాకరణం తప్పుండదు, తన పేరాలో ఉంటుంది. అలాంటప్పుడు దేన్ని ఎంచుకుంటుంది? మీడియం మార్చినప్పుడు రాయడం నేర్పే గంటలు కూడా పెంచి ఉంటే ఈ మాట అనాల్సి వచ్చేది కాదు.

ఫోన్ చేతిలో ఉంటే డిజిటల్ అక్షరాస్యత వచ్చినట్టేనా?

"ఈ తరం పిల్లలకు మనం కంప్యూటర్ నేర్పేదేముంది" అనే మాట సమావేశాల్లో తరచుగా వింటుంటాను. కేంద్ర గణాంక శాఖ 2022-23లో జరిపిన సర్వే ప్రకారం 15-29 ఏళ్లవాళ్లలో 78.4 శాతం మందికి ఫైలు జోడించి మెసేజ్ పంపడం వచ్చు. 71.2 శాతం మందికి కాపీ-పేస్ట్ వచ్చు. సమాచారం వెతకడం, ఈమెయిల్ పంపడం, ఆన్‌లైన్ బ్యాంకింగ్ చేయడం, ఈ మూడూ చేయగలిగినవాళ్లు 26.8 శాతమే. అది దేశం మొత్తం లెక్క. నా లైబ్రరీలో నేను రోజూ చూసేది దానికి దగ్గరగానే ఉంది. రీల్ ఎడిట్ చేయగలిగిన కుర్రాడికి వర్డ్‌లో పేజీ నంబర్లు పెట్టడం రాదు. ఫైలు ఎక్కడ సేవ్ అయిందో తెలియదు. గూగుల్‌లో మొదట వచ్చిందే జవాబు అనుకుంటాడు.

అడ్మిషన్ ఆన్‌లైన్. తెలంగాణలో దోస్త్, ఆంధ్రాలో ఓఏఎండీసీ. స్కాలర్‌షిప్ ఆన్‌లైన్, పరీక్ష ఫీజు ఆన్‌లైన్, క్రెడిట్ల బ్యాంకు ఆన్‌లైన్. వీటన్నిటికీ కావాల్సిన ఈమెయిల్‌ను చాలామందికి నెట్ సెంటర్‌లోనే తెరిచి ఇస్తారు. పాస్‌వర్డ్ కూడా అక్కడే ఉంటుంది. మూడేళ్ల తర్వాత మార్కుల మెమో కోసం ఆ ఈమెయిల్ కావాల్సి వస్తే ఆ షాపు ఉంటుందో ఉండదో. పిల్లవాడి చదువంతా ఎవరో ఒకరి డైరీలో రాసిపెట్టిన పాస్‌వర్డ్ మీద నిలబడి ఉంది, మనం మాత్రం దాన్ని డిజిటల్ విద్య అంటున్నాం.

దీని దెబ్బ ఎవరి మీద పడుతోంది

1. కుటుంబాల జేబు మీద. రిపోర్టుకు డబ్బు, టైపింగ్‌కు డబ్బు, పీజీకి వస్తే 'పోలిక శాతం తగ్గించి ఇస్తాం' అనేవాళ్లకు మళ్లీ డబ్బు. ఆ శాతం తగ్గించడం అంటే ఏమిటో నేను చూశాను. ప్రతి మాటకూ ఇంకో మాట పెట్టి, అర్థం పోయేలా తిప్పి రాయడం. కూలి పనికి వెళ్లే తల్లిదండ్రులు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందనే ధైర్యంతో పిల్లల్ని చేర్పించి ఈ ఖర్చులకు అప్పు చేస్తున్నారు.

2. పీజీలో చేరిన మొదటి తరం పిల్లల మీద. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్న పిల్లలకు ఎవరో ఒకరు చెబుతారు. కొటేషన్ గుర్తులు పెట్టు, కింద పుస్తకం పేరు రాయి అని. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసిన పిల్లవాడికి ఆ మాట మొదట చెప్పేది సిమిలారిటీ రిపోర్టు. అదీ ఎర్ర రంగులో. ఆరు నెలలు వెనక్కి పోతాడు. హాస్టల్ గడువు, ఫెలోషిప్ గడువు ఆగవు. కొందరు తిరిగి రారు. శిక్ష అందరికీ సమానంగానే రాసి ఉంది. దాని బరువు మాత్రం అందరి మీదా సమానంగా పడటం లేదు.

3. విదేశాలకు వెళ్లినవాళ్ల మీద. 2023-24లో అమెరికాలో 3.31 లక్షల మంది భారతీయ విద్యార్థులున్నారు. అందులో మన రెండు రాష్ట్రాల వాటా ఎంత పెద్దదో ప్రతి వీధిలో తెలుసు. అక్కడ మొదటి వారంలోనే విద్యా నిజాయితీ నియమావళి మీద సంతకం పెట్టించుకుంటారు. చిన్న అసైన్‌మెంట్‌లో కూడా కాపీ దొరికితే కోర్సులో ఫెయిల్ చేయొచ్చు, యూనివర్సిటీ నుంచి పంపేయొచ్చు. పంపేస్తే వీసా హోదా కూడా పోతుంది. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి పంపిన తండ్రికి అప్పుడు ఏమని చెప్పాలి?

4. ఉద్యోగం వెతుక్కునేవాళ్ల మీద. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లి సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కిన మన కుర్రాళ్ల సంగతి 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. పార్ట్ టైమ్ ఆశ చూపి బ్యాంకు ఖాతా అద్దెకు తీసుకునేవాళ్లు కాలేజీ పిల్లల చుట్టూనే తిరుగుతున్నారు. యూజీసీ ఏటా ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ చిరునామాలు ఉన్నాయి. ఒక ప్రకటన నిజమో కాదో ఎలా చూడాలి, ఆ సంస్థ పేరు ఎక్కడ సరిచూసుకోవాలి, మోసం జరిగితే 1930కి ఎంత త్వరగా ఫోన్ చేయాలి. ఇది రిఫరెన్సు సరిచూసుకునే అలవాటు లాంటిదే. ఒకచోట వచ్చినవాడికి ఇంకోచోట కూడా వస్తుంది.

5. ఊళ్ల మీద. దీన్ని ఎవరూ తలుచుకోరు. ప్రతి వేసవిలో అంతమంది విద్యార్థులు ఊళ్లకు వెళ్లి నిజంగా సర్వే చేసి ఉంటే ఈపాటికి ప్రతి మండలం గురించి కుప్పలుగా సమాచారం ఉండాలి. పంచాయతీ కార్యదర్శి, ఆశా వర్కర్, బడి హెడ్మాస్టరు దాన్ని చూసి ఏదో ఒక పని చేసి ఉండాలి. ఆ కాగితాలన్నీ కాలేజీ గదుల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. తీసి చూడాలన్నా భయమే, ఎందుకంటే అందులో ఏది నిజమో ఎవరికీ తెలియదు.

6. తెలుగు మీద. తెలుగు శాఖల్లో థీసిస్‌లు, డిసర్టేషన్లు ఇప్పటికీ చాలాచోట్ల డీటీపీ షాపులో 'అను' ఫాంట్లలో టైపవుతున్నాయి. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాని ఆ ఫైలులో ఒక మాట వెతికితే దొరకదు. పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగుగా కనిపించదు. ఇంకో పరిశోధకుడు దాన్ని చదివి ముందుకు తీసుకెళ్లాలన్నా స్కాన్ చేసిన బొమ్మలే దిక్కు. పరిశోధన జరిగిందనడానికి డిగ్రీ పట్టా తప్ప ఆధారం మిగలదు.

ఏఐ వచ్చాక మరీ తొందర

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన వినియోగదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాది ఉచితంగా ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరు చివర్లో జియో 18 నెలల పాటు జెమినీ ప్రోను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ ముందుగా 18-25 ఏళ్లవాళ్లకు. అంటే సరిగ్గా మన క్లాసులో కూర్చున్నవాళ్లకే. రీచార్జ్‌తో పాటు ఏఐ చేతికొచ్చింది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పీరియడ్ మాత్రం టైమ్‌టేబుల్‌లోకి రాలేదు.

ఇప్పుడు జిరాక్స్ షాపుకు కూడా వెళ్లనక్కర్లేదు. రిపోర్టు ఫోన్‌లోనే తయారవుతుంది. అసలు లేని పుస్తకాలు, ఎవరూ రాయని వ్యాసాలు, పుట్టని రచయితలు రిఫరెన్సుల జాబితాలో చక్కగా వరుసలో ఉంటారు. పిల్లలు వచ్చి "సార్, ఈ పుస్తకం మన లైబ్రరీలో ఉందా" అని అడుగుతున్నారు. ప్రపంచంలో ఎక్కడా లేని పుస్తకం మా లైబ్రరీలో ఎలా ఉంటుంది? నవ్వొస్తుంది కానీ ఇది నవ్వే సంగతి కాదు. 2023లో న్యూయార్క్ కోర్టులో అనుభవం ఉన్న లాయర్లే చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమని సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. లాయర్లే పడిన గుంటలో పద్దెనిమిదేళ్ల పిల్లలు పడరా?

దీనికి కొన్నిచోట్ల మొదలుపెట్టిన వైద్యం జబ్బుకన్నా ప్రమాదం. 'ఏఐ రాసిందా' అని శాతం చూపించే డిటెక్టర్ పెట్టి, ఆ శాతాన్ని బట్టి ప్రాజెక్టు తిప్పి పంపడం. ఇలాంటి డిటెక్టర్‌ను చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే సరిగ్గా పని చేయడం లేదని 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష) కోసం సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని ఆ డిటెక్టర్లు తేల్చాయి. తేలిక మాటలతో, చిన్న వాక్యాలతో రాసేవాళ్లే ఎక్కువగా దొరికిపోతున్నారు. మన పిల్లలు రాసే ఇంగ్లీషు సరిగ్గా అలాగే ఉంటుంది. కష్టపడి సొంతంగా రాసిన అమ్మాయి దోషిగా నిలబడి, ఏఐ చేత రాయించి ఇంకో ఏఐ చేత తిప్పించినవాడు తప్పించుకుంటాడు. దీన్ని ఆపమని ప్రత్యేకంగా అడుగుతున్నాను.

ఉన్న వనరులకు తాళం

డబ్బు లేదని మీరు అంటారేమో. వనరులు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఎవరికైనా ఉచితం. శోధ్‌గంగలో దేశంలోని థీసిస్‌లు చదవొచ్చు. కాలేజీల కోసం ఈ-పుస్తకాలు, ఈ-జర్నల్స్ ఇచ్చే ఎన్-లిస్ట్ ఉంది. చాలా కాలేజీల్లో ఎన్-లిస్ట్ అనేది కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ బృందం వచ్చే నెలలోనే గుర్తొస్తుంది. లాగిన్ లైబ్రేరియన్ దగ్గరుంటుంది, లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉంటుంది, తాళం అటెండర్ దగ్గరుంటుంది.

'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు పెట్టి 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్‌ను 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు 2025 జనవరి నుంచి అందిస్తోంది. ఇది మెచ్చుకోవాల్సిన పని. కానీ మన రెండు రాష్ట్రాల్లో డిగ్రీ చదివేవాళ్లలో ఎక్కువమంది ప్రైవేటు అనుబంధ కాలేజీల్లో ఉన్నారు. వాళ్లు ఆ జాబితాలో లేరు. పరీక్ష పెట్టేది మీరు, పట్టా మీద సంతకం మీది, జర్నల్ చదివే హక్కు మాత్రం వాళ్లకు లేదు. ఇక ప్రభుత్వ కాలేజీల్లో జర్నల్ ఉన్నా, దాన్ని వెతకడం నేర్పేవాళ్లు లేకపోతే అది ఉన్నా లేనట్టే.

మేం అడుగుతున్నవి

1. డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో అన్ని గ్రూపులకూ రెండు క్రెడిట్ల తప్పనిసరి కోర్సు పెట్టండి. వెతకడం, సరిచూసుకోవడం, సొంత మాటల్లో రాయడం, ఆధారం చూపడం, ఫైళ్లు, ఈమెయిల్, పాస్‌వర్డ్, ఆన్‌లైన్ మోసాలు, ఏఐ వాడకం ఇందులో ఉండాలి. దీనికి థియరీ పరీక్ష పెట్టకండి, దయచేసి. పెడితే వారం తిరక్కుండానే దానికీ ఆల్-ఇన్-వన్ గైడ్ వస్తుంది, 'డిజిటల్ అక్షరాస్యత ప్రయోజనాలు ఐదు రాయుము' అని ప్రశ్న వస్తుంది. ల్యాబ్‌లో కూర్చోబెట్టి పని చేయించి, ఆ పనికి మార్కులు వేయండి.

2. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు, ఇంటర్న్‌షిప్‌కు, చివరి ఏడాది ప్రాజెక్టుకు మార్కులు వేసే పద్ధతి మార్చండి. బైండింగ్ చేసిన పుస్తకానికి తక్కువ, చేసిన పనికి ఎక్కువ ఉండాలి. చేత్తో రాసుకున్న సర్వే నోట్సు, మొదటి చిత్తుప్రతి, లెక్చరర్ దిద్దిన ప్రతి, వైవా, వీటిని చూడండి. పేజీల సంఖ్య నిబంధన తీసేయండి. నలభై పేజీల కాపీ కన్నా ఆరు పేజీల సొంత రిపోర్టు నయం. రిపోర్టు తెలుగులో రాసుకునే వీలు ఇవ్వండి. ఊళ్లో జనం తెలుగులో చెప్పిన సంగతిని ఇంగ్లీషులో రాయలేక పిల్లలు వదిలేస్తున్నారు. ఒక లెక్చరర్‌కు ఇంతమందికి మించి విద్యార్థులను ఇవ్వకూడదని పరిమితి పెట్టండి. బాగా చేసిన సర్వేల నకలు ఆ గ్రామ పంచాయతీకి చేరేలా చూడండి.

3. ఏఐ డిటెక్టర్ శాతాన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకుని ఏ విద్యార్థినీ శిక్షించకూడదని ఆదేశం ఇవ్వండి. అనుమానం వస్తే విద్యార్థిని పిలిచి మాట్లాడాలి, చిత్తుప్రతులు చూడాలి. ఏఐని ఏ పనికి వాడొచ్చు, ఏ పనికి వాడకూడదు, వాడితే ఎలా చెప్పాలి అనేది రెండు పేజీల్లో, తెలుగులో, ప్రతి కాలేజీ నోటీసు బోర్డులో పెట్టండి.

4. పోలిక పట్టే సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థి చేతికి ముందే ఇవ్వండి. థీసిస్ సమర్పించాక ఒక్కసారి చూసి శాతం చెప్పడం కాకుండా, రాస్తున్నప్పుడే రెండు మూడుసార్లు చూసుకుని దిద్దుకునే వీలుండాలి. నిబంధన కూడా దాన్ని వాడటంలో శిక్షణ ఇవ్వమనే చెబుతోంది.

5. లైబ్రేరియన్ పోస్టులు భర్తీ చేయండి. ఇది నా వర్గం కోసం అడుగుతున్న మాటలా ఉందని తెలుసు, అయినా అడుగుతున్నాను. ఈ కోర్సును లెక్చరర్లతో కలిసి నేర్పే పని మాకు ఇవ్వండి. పుస్తకాలకు నంబర్లు వేసి బీరువాకు తాళం వేయడానికే అయితే మాకు మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదు.

6. ప్రైవేటు అనుబంధ కాలేజీల విద్యార్థులకు ఎన్-లిస్ట్ సభ్యత్వాన్ని అఫిలియేషన్ షరతుగా పెట్టండి. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌ను వాళ్లకూ విస్తరించమని రెండు ప్రభుత్వాల తరఫున కేంద్రానికి రాయండి. అప్పటిదాకా విశ్వవిద్యాలయ లైబ్రరీలోకి వాళ్లు ఐడీ కార్డుతో వచ్చి చదువుకునే ఏర్పాటు చేయండి.

7. తెలుగులో సమర్పించే ప్రతి థీసిస్, డిసర్టేషన్ యూనికోడ్‌లోనే ఉండాలని నోటిఫికేషన్ ఇవ్వండి. దీనికి ఖర్చు లేదు.

ప్రతి విద్యార్థికీ చేరిన మొదటి వారంలో కాలేజీ ల్యాబ్‌లోనే సొంత ఈమెయిల్ తెరిపించి, పాస్‌వర్డ్ తనే పెట్టుకునేలా చూడటం కూడా ఇందులో కలపండి. దీనికి కమిటీ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

వీటిలో మూడోది, ఏడోది, ఈ చివరిది నెల రోజుల్లో చేయగలిగినవి. ఒకటోది, రెండోది వచ్చే విద్యా సంవత్సరం సిలబస్ ఖరారయ్యేలోపు బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందుకు రావాలి. లైబ్రేరియన్ పోస్టులకు ఆర్థిక శాఖ అనుమతి కావాలని మాకు తెలుసు. అనుమతి కోరుతూ మీరు రాసిన లేఖ నకలు చూపిస్తే ప్రస్తుతానికి అదే చాలు.

జవాబు రాకపోతే ఏం చేస్తామో కూడా ముందే చెబుతున్నాం. సమాచార హక్కు చట్టం కింద రెండు రాష్ట్రాల్లోని ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి దరఖాస్తులు పెడతాం. 2018 నుంచి ఏటా గ్రంథచౌర్యం మీద ఎన్ని అవగాహన కార్యక్రమాలు జరిపారు, అవి డిగ్రీ కాలేజీల్లో ఎన్ని, డిగ్రీ సిలబస్‌లో తప్పనిసరి మాడ్యూల్‌ను ఏ సెమిస్టర్‌లో చేర్చారు, అదే కాలంలో పోలిక శాతం కారణంగా ఎంతమంది విద్యార్థులను వెనక్కి పంపారు, లైబ్రేరియన్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి అని అడుగుతాం. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబులను ఉన్నవి ఉన్నట్టుగా, విశ్వవిద్యాలయాల వారీగా పట్టికగా వేసి విద్యార్థులకు, తల్లిదండ్రులకు పంచుతాం.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్, తోటి లెక్చరర్ల తరఫున